గోంగూర మాంసంతో ఏ వైన్? కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు, ఉండేది విజయవాడలో. వైన్ గురించి నాకు తెలిసినదాంట్లో సగం పుస్తకాల్లో చదివింది, సగం భోజనాల బల్ల దగ్గర తప్పులు చేసి నేర్చుకుంది. ఆ పుస్తకాల్లో చీజ్ ఉంటుంది, పాస్తా ఉంటుంది. ఉలవచారు ఉండదు, చేపల పులుసు ఉండదు. అందుకే చుట్టాలూ స్నేహితులూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇది 21 ఏళ్లు నిండి, తాగే అలవాటు ఉండి, వైన్‌ని కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం. తాగనివాళ్లకి అలవాటు చేయడం నా ఉద్దేశం కాదు.

మాంసానికి రెడ్ వైన్, చేపలకి వైట్ వైన్ అంటారు కదా. అది గుర్తు పెట్టుకుంటే చాలదా?

మన వంటకి చాలదు. ఆ సూత్రం పుట్టిన చోట మాంసం మీద ఉప్పూ మిరియాలూ చల్లి కాలుస్తారు, అందుకని నోట్లో మాంసం రుచే ముందుంటుంది. మన దగ్గర కోడైనా, మేకైనా, గుత్తి వంకాయైనా అల్లం వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిర్చి పడ్డాక నాలుకకి ముందు తగిలేది ఆ మసాలాయే. కాబట్టి గిన్నెలో ఏ మాంసం ఉందని చూడకండి. పులుపెంత, కారమెంత, నూనె ఎంత అని చూడండి. ఈ పేజీ మొత్తంలో నేను చెప్పేది ఇదే.

ఈ సంగతి నాకు బ్రాడీపేటలో మా పెద్దమ్మ ఇంట్లో తెలిసింది. మా అన్నయ్య విదేశం నుంచి వస్తూ ఒక కేబర్నే సావిన్యోన్ తెచ్చాడు, మంచి సీసా. మాంసానికి రెడ్ వైన్ కదా అని నేనే దాన్ని గోంగూర మాంసం పక్కన పెట్టాను. ఒక ముద్ద తిని ఒక గుక్క తాగేసరికి నోట్లో మంట రెట్టింపయింది. వైన్‌లో ఉన్న పండు రుచంతా పోయి, చింతగింజ కొరికినట్టు వగరూ చేదూ మిగిలాయి. "ఇదేంట్రా, కషాయంలా ఉంది" అని బావ గ్లాసు పక్కన పెట్టేశాడు. వారం తర్వాత అదే రకం సీసా ఇంకొకటి ఉంటే ఉప్పు వేసి వేయించిన జీడిపప్పుతో తాగి చూశాం. ఎంత బాగుందో! మొదటి రోజు తప్పు వైన్‌ది కాదు, దాన్ని తీసుకెళ్లి గోంగూర పక్కన కూర్చోబెట్టిన నాది.

కారానికీ వైన్‌కీ ఎందుకు పడదు?

కారం నిజానికి రుచి కాదు, మంట. మిరపకాయలోని క్యాప్సైసిన్ మన నోట్లో వేడిని కనిపెట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని టీఆర్‌పీవీ1 అంటారు. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మామూలుగా అది 43 డిగ్రీల దరిదాపుల్లో వేడి తగిలితేనే "కాలుతోంది" అని మెదడుకి చెబుతుంది. మిరపకాయ తిన్నప్పుడు వేడి లేకపోయినా చెబుతుంది. ఆల్కహాల్ కూడా సరిగ్గా ఆ గ్రాహకాన్నే ఇంకా సున్నితం చేస్తుంది. అందుకే 14 శాతం, 15 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ గుంటూరు మిర్చి మీద పడితే నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టే.

దీనికి విరుగుడు మన ఇళ్లలో ముందునుంచీ ఉంది. చిన్నప్పుడు కారం ఎక్కువై కళ్లలో నీళ్లు తిరిగితే అమ్మ చేతిలో చిటికెడు పంచదార పెట్టేది. తీపి ఆ మంటని అణుస్తుంది, చల్లదనం ఇంకాస్త అణుస్తుంది. కనుక కారపు తిండికి కావాల్సింది ఆల్కహాల్ తక్కువగా, కాస్త తియ్యగా, బాగా చల్లగా ఉన్న, వగరు లేని వైన్.

వగరు వగరు అంటున్నారు. టానిన్ అంటే అదేనా?

అదే. ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. ఇంగ్లిషు పుస్తకాలు టానిన్‌ని వివరించడానికి పేజీలు పేజీలు రాస్తాయి. మనకి వగరు షడ్రుచుల్లో ఒకటి, ఉగాది పచ్చడిలో మామిడి పిందె కొరికిన ప్రతి పిల్లకీ తెలుసు. పచ్చి అరటికాయ కోస్తే వేళ్లకి పట్టేది, వక్క నమిలితే నాలుక బిగుసుకునేది, పాలు లేని టీ డికాషన్ బాగా మరిగితే వచ్చేది, అన్నీ ఆ కుటుంబమే. ద్రాక్ష తొక్కలో, గింజలో, కాడలో టానిన్ ఉంటుంది. రెడ్ వైన్‌ని తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి వగరు ఎక్కువ. వైట్ వైన్‌కి సాధారణంగా రసం తీసి తొక్కలు పక్కన పెట్టేస్తారు కాబట్టి తక్కువ. టానిన్ మన లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుంటుంది, నోరు ఎండినట్టు అనిపించేది అందుకే.

కొవ్వూ ఉప్పూ ఉన్న తిండితో వగరు మెత్తబడుతుంది. కారంతో అయితే గరుకెక్కుతుంది.

షాపులో "డ్రై" అంటారు. పొడిగా ఉండే వైన్ ఏంటి?

డ్రై అంటే తీపి మిగలనిది. ద్రాక్షలోని చక్కెరని ఈస్ట్ దాదాపు పూర్తిగా తినేసి ఆల్కహాల్‌గా మార్చేస్తే అది డ్రై. కొంచెం మిగిల్చితే ఆఫ్ డ్రై. మామిడిపండు వాసన, జామపండు వాసన వచ్చినంత మాత్రాన వైన్ తియ్యగా ఉంటుందని అనుకోకండి. వాసన వేరు, తీపి వేరు. ఇంకో తిరకాసు నురగ వైన్ల (స్పార్క్లింగ్) దగ్గర ఉంది. వాటి సీసా మీద "ఎక్స్‌ట్రా డ్రై" అని ఉంటే అది "బ్రూట్" అని రాసి ఉన్నదానికంటే కాస్త తియ్యనిది.

పుస్తకం చదవకుండా ఇంట్లోనే తెలుసుకునే మార్గం లేదా?

ఉంది. నేను కొత్తవాళ్లందరికీ ముందు ఇదే చేయిస్తాను. ఒక పళ్లెంలో నాలుగు చిన్న కుప్పలు పెట్టండి: బెల్లం ముక్క, పచ్చి మామిడికాయ ముక్క, ఉప్పు, నూనెలో తడిపిన ఎండు కారం. మామిడికాయ దొరక్కపోతే నిమ్మచెక్క. పక్కన ఏదైనా ఒక డ్రై వైన్ చిన్న గ్లాసుడు.

ముందు వైన్ ఒక్కటే ఒక గుక్క తాగి గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు బెల్లం నమిలి, మళ్లీ తాగండి. ఇందాకటి వైనేనా అనిపిస్తుంది, నీళ్లగా, పుల్లగా, ఎవరో నిమ్మరసం కలిపినట్టు ఉంటుంది. నీళ్లు పుక్కిలించి మామిడికాయ కొరకండి. ఈసారి వైన్ గుండ్రంగా, తియ్యగా మారుతుంది. ఉప్పు రవ్వ నాకి తాగితే చేదూ వగరూ తగ్గి పండు రుచి పైకి వస్తుంది. ఆఖర్న కారం. చిటికెలో సగం చాలు. గుక్క గొంతు దిగుతుంటే ఆల్కహాల్ ఎలా మండుతుందో తెలుస్తుంది.

పది నిమిషాల పని. తీపి తిండి వైన్‌ని పుల్లగా చేస్తుంది, పుల్లటి తిండి తియ్యగా చేస్తుంది, ఉప్పు మెత్తగా చేస్తుంది, కారం మండేలా చేస్తుంది. ఇక ఏ కూర ముందు పెట్టినా మీరే లెక్క వేసుకోగలరు. గ్లాసులోని వైన్ ఒకటే, మారింది మీ నాలుక మీద ముందున్న రుచి.

మరి గోంగూర మాంసంతో ఏం తాగాలి?

గోంగూర పులుపు మామూలు పులుపు కాదు, ఎర్ర గోంగూరైతే మరీనూ. తిండి కంటే వైన్ పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. అందుకని పులుపు గట్టిగా ఉండి, కారం కోసం కాస్త తీపి కూడా ఉన్నది వెతకాలి. ఆ రెండూ కలిసిన ద్రాక్ష రకాలు రెండు: రీస్లింగ్, షెనిన్ బ్లాంక్. రెండూ వైట్ వైన్లే. మాంసానికి వైట్ ఏంటని మా ఇంట్లో మొదట అందరూ నవ్వారు. ఇప్పుడు పెద్దమ్మ ఇంటికి వెళ్లేటప్పుడు ఆఫ్ డ్రై షెనిన్ బ్లాంకే తీసుకెళ్తాం. ముద్దలో గోంగూర పులుపు, కొవ్వు, మిర్చి ఘాటు. గుక్కలో చల్లదనం, పులుపు, వెనకాల సన్నగా తీపి. మళ్లీ ముద్ద తినాలనిపిస్తుంది.

రెడ్డే కావాలని పట్టుబడితే వగరు తక్కువ ఉన్న పినో నువా లాంటిది అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. పరవాలేదనిపిస్తుంది. నా ఓటు మాత్రం వైట్‌కే.

చేపల పులుసు?

ఇక్కడొక ముచ్చటైన చుట్టరికం ఉంది. చింతపండుకి పులుపునిచ్చేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షకీ వైన్‌కీ పులుపునిచ్చేదాంట్లోనూ అదే ప్రధానం. ఫ్రిజ్‌లో పెట్టిన వైట్ వైన్ అడుగున ఒక్కోసారి ఉప్పు రవ్వల్లాంటి పలుకులు కనిపిస్తాయి. అవి ఆ ఆమ్లం తాలూకు స్ఫటికాలే. వైన్ పాడైందని పారబోయకండి.

కొర్రమీను పులుసైనా, శీలావతి ముక్కల పులుసైనా చింతపండు పులుపుని అందుకోగల వైన్ కావాలి. కారం మధ్యస్థంగా ఉంటే సావిన్యోన్ బ్లాంక్ అనే వైట్ వైన్ చక్కగా కుదురుతుంది. దానిలో పచ్చి ఆకు వాసన, జామకాయ వాసన ఉంటాయి, పులుసు మీద చల్లిన కొత్తిమీరతో కలుస్తాయి. కారం గట్టిగా పడితే మళ్లీ ఆఫ్ డ్రై షెనిన్ బ్లాంక్‌కే వెళ్లండి. పులుసు మర్నాటికి ఊరి రుచెక్కుతుంది కదా, పుల్లటి వైన్ ఇంకా బాగా నిలబడేది ఆ మర్నాటి పులుసుతోనే.

చేపలకి రెడ్ వద్దనడానికి కారణం కూడా ఉంది. కొన్ని రెడ్ వైన్లలో ఇనుము కాస్త ఎక్కువ. ఇనుము ఎక్కువున్న వైన్‌తో సముద్రపు తిండి తింటే నోట్లో నీచు వాసన పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. పెద్దవాళ్లు చెప్పే సూత్రంలో ఈ ముక్క మాత్రం నిజం.

రొయ్యల వేపుడు?

రొయ్యకి సహజంగా తీపి ఉంటుంది. చల్లటి "రోజే" వైన్. వేరే ఆలోచన అక్కర్లేదు.

రోజే అంటే గులాబీ పువ్వులతో చేసేదా?

కాదు, రంగుని బట్టి వచ్చిన పేరు. నల్ల ద్రాక్ష రసాన్ని తొక్కలతో కొన్ని గంటలు మాత్రమే ఉంచి తీసేస్తే ఆ లేత రంగు వస్తుంది. రెడ్‌కున్న పండు రుచి ఉంటుంది, వగరు ఉండదు, వైట్‌లా చల్లగా తాగొచ్చు. బిర్యానీ, కోడి వేపుడు, పలావు, మాంసం కూరా శాకం రెండూ ఉన్న పెళ్లి భోజనం లాంటి బల్ల, ఇలా దేనితో ఏ వైన్ పెట్టాలో తోచనప్పుడు రోజే పెట్టండి. మన వాతావరణానికీ సరిపోతుంది. నలుగురికీ నాలుగు రకాల కూరలు వడ్డించే ఇంట్లో ఒక్క సీసాయే తెరవాల్సి వస్తే నేను దీన్నే తెరుస్తాను.

అయితే రెడ్ వైన్ మన తిండికి అసలు పనికిరాదా?

ఎందుకు పనికిరాదు! ఉలవచారు ఉండగా ఆ మాట ఎలా అంటాను? ఉలవలు ఉడికించిన నీళ్లని గంటల తరబడి మరిగించి చిక్కబరిస్తే వచ్చే ఆ మట్టి వాసన, ఆ లోతు, పైన వేసే వెన్న, ఇవన్నీ రెడ్ వైన్ కోరుకునేవే. వెన్న వగరుని మెత్తబరుస్తుంది, ఉలవల కమ్మదనం, చెక్క పీపాల్లో ఉంచిన వైన్‌కి వచ్చే చెక్క వాసనతో కలుస్తుంది. కారం కాస్త తగ్గించి చేసిన ఉలవచారుతో షిరాజ్ గానీ టెంప్రనియో గానీ ఒకసారి పెట్టి చూడండి.

రెండోది మిరియాలు దట్టించిన మటన్ వేపుడు. మిరియాల ఘాటు వాసనకి మూలం రొటండోన్ అనే పదార్థం. షిరాజ్ వైన్‌లో మిరియాల వాసన ఎందుకొస్తుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు, దానిలో ఉన్నదీ రొటండోనే అని. వేపుడులో ఎండు కారం బదులు మిరియాలు వేశారనుకోండి, ప్లేటులోనూ గ్లాసులోనూ ఒకటే వాసన. నేను ఈ జత పెట్టిన ప్రతిసారీ కొత్తవాళ్లు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "అవునండీ, మిరియాలే" అంటారు. ఆ మాట వినడం నాకు ఎప్పటికీ విసుగు రాదు.

మిరియాల మంట మిర్చి మంటంత మొండిది కాదు కాబట్టే ఇది కుదిరింది. అదే వేపుడులో తేజ రకం మిర్చి కారం వేస్తే షిరాజ్‌ని మర్చిపోండి.

మేం శాకాహారులం. మాకేమైనా ఉందా?

చాలా ఉన్నాయి. గుత్తి వంకాయలో నువ్వులు, వేరుశనగపప్పు, చింతపండు ఉంటాయి, దానికి రోజే. అల్లం పచ్చడితో పెసరట్టు సాయంత్రం పూట తింటే సావిన్యోన్ బ్లాంక్. మజ్జిగ పులుసు, పాలు పోసిన సొరకాయ కూర లాంటి సాత్వికమైన వంటకి వియోనియే లేదా చెక్క వాసన లేని షార్డనే, రెండూ వైట్ వైన్లే. ముద్దపప్పు, నెయ్యి, అన్నంతోనైతే షార్డనే నిజంగా అందంగా ఉంటుంది. నెయ్యి కమ్మదనం, దాని నిండుతనం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

వైన్ శాకాహారమేనా అని కూడా కొందరు అడుగుతారు. ద్రాక్ష, ఈస్ట్ వరకు శాకాహారమే. కాకపోతే వైన్‌ని తేటపరచడానికి కొందరు తయారీదారులు కోడిగుడ్డు తెల్లసొన, చేపల నుంచి తీసే ఐసింగ్లాస్, జెలటిన్, పాల ప్రొటీన్ వాడతారు, తర్వాత వడకట్టి తీసేస్తారు. కొందరు బెంటోనైట్ అనే మట్టి వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు సీసా మీద "వీగన్" అని ఉందేమో చూసుకోవాలి, లేదా తయారీదారు వెబ్‌సైటులో అడగాలి.

ఆవకాయ?

ఆవకాయతో వైన్ వద్దు. ఆవపిండి, ఉప్పు, నూనె, కారం, మామిడి పులుపు, అయిదూ ఒకేసారి మీద పడితే ఏ వైనూ తట్టుకోదు. ఆవకాయ అన్నం వేడివేడిగా నెయ్యితో తినండి, గ్లాసు తర్వాత తీసుకోండి. పెరుగన్నం కూడా అంతే.

వాన పడుతుంటే మిరపకాయ బజ్జీలు వేశాం. ఏం బాగుంటుంది?

నురగ వైన్, అంటే స్పార్క్లింగ్ బ్రూట్. నూనెలో వేగిన తిండికి బుడగలూ పులుపూ కలిసి నోరు కడిగినట్టు చేస్తాయి. పునుగులు, ఉల్లి పకోడీ, అరటికాయ బజ్జీ అన్నిటికీ అంతే. మిరపకాయ బజ్జీ దగ్గర మాత్రం చిన్న జాగ్రత్త. బజ్జీ మిర్చి లావుగా, కారం తక్కువగా ఉంటే హాయిగా కుదురుతుంది. గింజలు తీయకుండా ఘాటు కాయ వేశారా, బుడగలు కూడా గుచ్చుకుంటాయి. నేనైతే కాయ చీల్చి గింజలు దులిపి, చింతపండు గుజ్జులో వాము కలిపి కూరి వేస్తాను. పైన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. పూర్తిగా చల్లబడిన సీసాని బజ్జీ బాణలిలోంచి తీస్తుండగానే తెరవాలి, మూకుడు చల్లారే దాకా ఆగకూడదు.

స్వీట్లతో?

వైన్ స్వీటు కంటే తియ్యగా ఉండాలి, లేకపోతే బెల్లం ముక్క పరీక్షలో చూసినట్టే పుల్లబడుతుంది. "లేట్ హార్వెస్ట్" అని రాసి ఉన్న వైన్లు ఉంటాయి, ద్రాక్షని తీగ మీదే బాగా ముగ్గనిచ్చి కోసి చేసినవి. నెయ్యి వేసిన బొబ్బట్టు, బందరు లడ్డు, బెల్లం పూతరేకు, వీటికి అవి చిన్న గ్లాసుతో చాలు. పాకం కారే కాజాతో ఏదీ నెగ్గదు.

రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదట, గది వేడిలోనే తాగాలట. నిజమేనా?

ఆ మాట యూరప్ గదులది. అక్కడివాళ్లు గది వేడి అన్నప్పుడు 16 నుంచి 18 డిగ్రీలు అని అర్థం. మే నెలలో విజయవాడలో మన గది ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. ఆ వేడిలో రెడ్ వైన్ పోస్తే ముక్కుకి ఆల్కహాల్ తప్ప ఇంకేం అందదు. కనుక రెడ్‌ని 30, 40 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. వైట్, రోజే మూడు గంటలు పెట్టి, తాగేముందు ఐదు నిమిషాలు బయట ఉంచండి. నురగ వైన్ ఇంకా చల్లగా. తొందరగా కావాలంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసా ముంచండి, 15, 20 నిమిషాల్లో చల్లబడుతుంది. కొసరు కొసరుగా పోసుకుంటూ సీసాని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేయండి. మన దగ్గర గ్లాసు నిండా పోస్తే సగం తాగేలోపు గోరువెచ్చనవుతుంది.

బోర్డు మీద "వైన్స్" అని ఉంది, లోపల అడిగితే వైన్ లేదన్నారు!

మన రాష్ట్రంలో ఆ బోర్డుకి అర్థం మద్యం దుకాణం అని. 2019 నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి. ఎవరు నడిపినా అమ్మకమంతా విస్కీ, బ్రాందీ, బీరు చుట్టూనే. వైన్ అడిగితే చాలాసార్లు పోర్ట్ అని ఒక తియ్యటి సీసా ఇస్తారు. అసలు పోర్ట్ పోర్చుగల్‌లో డౌరో లోయది, రసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష స్పిరిట్ కలిపి చేస్తారు కాబట్టి ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది. ఆ పేరు పెట్టుకుని మన దేశంలో చౌకగా తయారయ్యేది దానికి దూరం. చాలామంది మొదట తాగేది అదే, "వైన్ అంటే ఇంతేనా, దగ్గు మందులా ఉంది" అనుకునేదీ అక్కడే. దాన్ని చూసి వైన్ మీద తీర్పు చెప్పకండి.

పెద్ద షాపుకి వెళ్లి సీసా చేతిలోకి తీసుకుని చూడండి. ద్రాక్ష రకం రాసి ఉందా, ఆల్కహాల్ ఎంత, ఏ సంవత్సరం కోత. కారపు తిండికైతే 12 శాతం దగ్గర ఉన్నది తీసుకోండి. మామూలు వైట్, రోజే రెండు మూడేళ్ల కంటే పాతవి వద్దు. ఎండ పడే అద్దాల అరలో, ట్యూబులైటు కింద నిలబెట్టిన సీసా అసలు వద్దు. ఒకసారి నేను అలాంటి అరలోంచి తీసుకున్న వైట్ వైన్ ఇంటికొచ్చి తెరిస్తే ముదురు తేనె రంగులో, ఉడికిన ఆపిల్ వాసనతో ఉంది. ఎండ దెబ్బ తిన్న వైన్ అలాగే ఉంటుంది. ఇంట్లో కూడా వంటగది గట్టు మీద, ఫ్రిజ్ పైన పెట్టకండి.

పక్క రాష్ట్రం నుంచి కారులో తెచ్చుకుందామనుకుంటే ముందు ఎక్సైజు నిబంధనలు కనుక్కోండి.

మన దేశపు వైన్ మంచిదేనా, ఫారిన్‌దే కొనాలా?

నేర్చుకునేవాళ్లకి మన దేశపుదే మేలు. నాసిక్‌లో సులా, బెంగళూరు దగ్గర నంది కొండల్లో గ్రోవర్, షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రటెల్లి లాంటి సంస్థలు పైన నేను చెప్పిన రకాల్లో చాలా చేస్తున్నాయి. దిగుమతి సుంకం బరువు ఉండదు కాబట్టి అదే డబ్బుకి మెరుగైన సీసా వస్తుంది. యూరప్‌లో ద్రాక్ష కోత సెప్టెంబరు ప్రాంతంలో. నాసిక్‌లో మన సంక్రాంతి ముందువెనకల నుంచి మార్చి దాకా. గుంటూరు యార్డుకి కొత్త మిర్చి టిక్కీలు దిగే రోజులూ అవే. నాకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది, ఒకే చలికాలపు పంటలు రెండూ ఒకే బల్ల మీదికి వస్తున్నాయని.

గ్లాసులు కొనాలా?

పలచటి గాజుది, పైన కాస్త ముడుచుకున్నది ఒక రకం చాలు. మూడో వంతే పోయండి, వాసన నిలబడటానికి చోటు ఉండాలి. స్టీలు గ్లాసు వద్దు.

రెడ్ వైన్ గుండెకి మంచిదంటారు. రోజూ ఒక గ్లాసు తాగొచ్చా?

ఆరోగ్యం కోసం మాత్రం తాగకండి. మద్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. నేను వైన్‌ని భోజనంలో రుచి కోసం, అప్పుడప్పుడు తీసుకునేదిగానే చూస్తాను. 750 మిల్లీలీటర్ల సీసా అంటే అయిదు గ్లాసులు, అది అయిదుగురికి. గర్భిణులు, మందులు వాడేవాళ్లు, కాలేయం ఇబ్బంది ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. బండి నడపాల్సినవాళ్లు ఒక్క గ్లాసూ వద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ప్రకారం నేరం, ఆ గీత అనుకున్నదానికంటే దగ్గరలోనే ఉంటుంది.

భోజనానికి పిలిచినవాళ్లలో సగం మంది తాగరు. వాళ్లకేం ఇవ్వాలి?

వాళ్లకీ అంతే శ్రద్ధగా జత కుదర్చండి. చల్లటి మజ్జిగలో అల్లం, కరివేపాకు, నిమ్మ ఆకు నలిపి వేసి ఇవ్వండి. పాలలోని కేసీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకుని లాగేస్తుంది కాబట్టి కారాన్ని అణచడంలో మజ్జిగ ఏ వైన్‌కన్నా గట్టిది. వేపుళ్లతో పానకం బాగుంటుంది, బెల్లం తీపీ మిరియాల ఘాటూ రెండూ ఉంటాయి. మా ఇంట్లో వైన్ తాగేవాళ్ల పక్కన కూడా మజ్జిగ గ్లాసు పెడతాం. తాగనన్నవాళ్లని రెండోసారి అడగకండి.

సీసా సగం మిగిలిపోయింది. ఎన్నాళ్లు ఉంటుంది?

మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెడితే వైట్, రోజే, రెడ్ మూడు నాలుగు రోజులు బాగుంటాయి. రెడ్‌ని కూడా ఫ్రిజ్‌లోనే పెట్టాలి, బయట పెడితే మన వేడికి మర్నాటికే పుల్లబడుతుంది. నురగ వైన్ ఒక రోజు, మహా అయితే రెండు. తాగే దశ దాటిన వైట్ వైన్‌ని నేను పారబోయను. రొయ్యలు వేయించేటప్పుడు వెల్లుల్లి ఎర్రబడ్డాక అరకప్పు పోసి, మంట పెంచి ఇగరనిస్తాను, అప్పుడు చింతపండు వేయను.